లేచాక అమ్మని గుర్తుపట్టని పావుగంట

మత్తు డాక్టర్ని తల్లిదండ్రులు అడిగేది ఒకటే: "మళ్ళీ లేస్తాడు కదండీ?" ఎలా లేస్తాడని ఎవరూ అడగరు. అడగకపోయినా నేను చెప్తాను.

టాన్సిల్స్ ఆపరేషన్ అయిన నాలుగేళ్ళ పిల్లాడు కళ్ళు తెరుస్తాడు గానీ చూడడు. కాళ్ళూ చేతులూ విసురుతాడు, సెలైన్ సూది పీకబోతాడు, ఎత్తుకున్న అమ్మనే తోసేస్తాడు. "అమ్మనిరా, నన్ను చూడరా" అని ఆవిడ ఏడుపు. పక్కనున్న అమ్మమ్మ నా వైపు చూసే చూపుకి అర్థం వేరే చెప్పక్కర్లేదు: మత్తు ఎక్కువై బుర్రకేమన్నా అయిందా?

ఏమీ కాదు. దీన్ని ఎమర్జెన్స్ డెలీరియం అంటారు. బడికి వెళ్ళే వయసు ఇంకా రాని పిల్లల్లో ఎక్కువ. ఇప్పుడు వాడే సెవోఫ్లూరేన్‌తో, పాత హాలోథేన్ కంటే ఎక్కువ. సాధారణంగా పావుగంటలో అదే సర్దుకుంటుంది. పిల్లాడికి గుర్తుండదు. తల్లికి ఉంటుంది.

నొప్పి వల్లేమో అనుకుందామంటే, కోత అన్నదే లేని ఎమ్మారై స్కాన్ తర్వాతా ఇలా లేచేవాళ్ళున్నారు. అలాగని నొప్పి సంగతి వదిలేయకూడదు. 2004లో వచ్చిన పేడ్ స్కేలులో మొదటి అంశం, పిల్లాడు మనిషి కళ్ళలోకి చూస్తున్నాడా అన్నది. నేనూ ముందు అదే చూస్తాను.

ఆపడానికి మందులున్నాయి: ఆఖర్న కాస్త ప్రొపోఫాల్, లేదా డెక్స్‌మెడిటోమిడిన్. మెలకువ కొంచెం ఆలస్యం కావచ్చు, సర్జన్ గడియారం చూడొచ్చు. చూడనీ. నా పట్టుదలంతా దానికంటే ముందు సంగతి మీద. భయంతో గింజుకుంటూ నిద్రపోయిన పిల్లాడు గింజుకుంటూ లేచే అవకాశం ఎక్కువ. నలుగురు పట్టుకుని మాస్కు నొక్కేస్తే రెండు నిమిషాలు కలిసొస్తాయి, రికవరీ గదిలో అవి వడ్డీతో కట్టాలి. అమెరికాలో కెయిన్ బృందం 2007లో మాస్కుని ముందే ఇంటికిచ్చి అలవాటు చేయించింది, తల్లిదండ్రులకీ తర్ఫీదిచ్చింది. ఆ పిల్లల్లో ఈ గోల తగ్గింది. మా దగ్గర అంత ఏర్పాటు లేదు. ముందురోజు సాయంత్రం వార్డులో మాస్కు చేతికిచ్చి, బెలూన్ ఊదినట్టు ఊదమంటాను. థియేటర్లో ఫోన్‌లో కార్టూన్.

తల్లికి అప్పుడే చెప్తాను: "లేచాక మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చమ్మా. కొట్టొచ్చు కూడా. మంచం కమ్మీలకి తల తగలకుండా చూడండి, మెల్లిగా మాట్లాడుతూ ఉండండి. మేం పక్కనే ఉంటాం."

తోటి డాక్టర్లు కొందరు, ముందే ఎందుకు బెదరగొడతావంటారు. మొన్న ఒకావిడ విని, కాసేపు ఆలోచించి, "అయితే వాళ్ళ నాన్నని బయటే ఉంచండి డాక్టరుగారూ, ఆయన తట్టుకోలేడు" అంది.