స్మృతి – సాక్షి

పతంజలి మహర్షి చిత్తవృత్తులను ఐదుగా విభజించి, ప్రమాణ, విపర్యయ, వికల్ప, నిద్రలతో పాటు స్మృతిని కూడా వాటిలో చేర్చారు. స్మృతి వృత్తియే గాని ద్రష్ట కాదు. గ్రంథంలో సులభంగా బోధపడే ఈ భేదం వార్ధక్యంలో అనుభవానికి వచ్చినప్పుడు కఠినమవుతుంది.

కోదాడలో డెబ్బది దాటిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉన్నారు. బాల్యంలో తండ్రి ముఖతః నేర్చిన విష్ణుసహస్రనామాన్ని ఆయన ఏనాడూ పుస్తకం చూచి పఠించలేదు. ఒక ఏకాదశినాడు సామూహిక పారాయణ నడుమ ఆయన స్వరం ఆగిపోయింది. తరువాతి నామం స్ఫురించలేదు. పక్కవారు పుస్తకం అందించగా దానిని తాకలేదు. మరునాటి నుండి ఆలయానికి రావడమే మానివేశారు.

సూర్యాపేటలోని కుమారుడు చరవాణిలో జ్ఞాపకశక్తి క్రీడలను అమర్చి ఇచ్చాడు. కొద్ది రోజులలో ఆయన ఆ క్రీడలలో నేర్పరి అయ్యారు. పారాయణలో తడబాటు మాత్రం తగ్గలేదు.

పూర్వులు ధారణను తపస్సుగా సాధించారు. జటాపాఠంలో రెండు పదాలను అనులోమంగా, విలోమంగా, మరల అనులోమంగా పలుకుతారు. ఘనపాఠంలో మూడవ పదం చేరుతుంది. వాక్కు, శ్రవణం, శ్వాస, ఏకాగ్రత కలిస్తే గాని అది సాగదు. 2016లో న్యూరోఇమేజ్ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన 21 మంది శుక్లయజుర్వేద పండితుల మెదళ్లను అంతే సంఖ్యలోని ఇతరుల మెదళ్లతో పోల్చింది. పండితులలో భాషకు, స్మృతికి సంబంధించిన పలు భాగాలలో ధూసరపదార్థం అధికంగా కనబడింది. అయితే వారు యువకులు. వేదాధ్యయనం ముదిమిలో మతిమరుపును నివారిస్తుందని ఆ పరిశోధన నిరూపించలేదు. సాధకులు కూడా అట్లు ప్రచారం చేయరాదు.

మిర్యాలగూడలోని కుమార్తె తండ్రిని వైద్యునికి చూపించింది. రక్తపోటు అధికంగా ఉన్నదనీ, వినికిడి మందగించినదనీ తేలింది. పదిమంది గొంతులు స్పష్టంగా వినబడక ఆయన లయ తప్పుతున్నారు. డిమెన్షియా విషయంలో సవరించుకోదగిన కారణాలుగా 2024లో లాన్సెట్ నిపుణుల సంఘం పేర్కొన్న 14 అంశాలలో ఈ రెండూ ఉన్నాయి. నలుగురికీ దూరమై ఒంటరిగా ఉండడం కూడా ఆ జాబితాలోనిదే. అనగా, లజ్జతో ఆలయం మానడం ఆయన ఎంచుకున్న మార్గాలలో అన్నిటికన్నా హానికరమైనది.

ఇప్పుడు ఆయన మరల వస్తున్నారు. చెవికి శ్రవణయంత్రం, చేతిలో పుస్తకం. నామాలు అప్పుడప్పుడు జారిపోతూనే ఉన్నాయి. జారినప్పుడు పుటలోకి చూచి కొనసాగిస్తారు. "మరచితిని" అని తెలిసికొన్నది మరపు కాదు గదా!

ఆ మాట అనగల బుద్ధి కూడా మసకబారే దినం రావచ్చు. సాక్షిచైతన్యానికి దానివలన లోటు లేదని శాస్త్రం. ఆనాడు ఆయన పక్షాన నామం పలకడం పక్కన కూర్చున్నవారి ధర్మం. సామూహిక పారాయణకు అదే సార్థకత.

స్వస్తి.