నమలకుండా మింగితే చెల్లదు

మా పల్లెలో గుడ్ ఫ్రైడే అంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటిదాకా ఏడు మాటలు. ఏడుగురు మాట్లాడతారు. అయిదో మాట, దాహం మాట, ఎప్పుడూ మా పెదనాన్నదే. యోహాను సువార్తలో ఆ చోట చిరకలో ముంచిన స్పంజిని హిస్సోపు పుడకకు తగిలించి యేసు నోటికి అందిస్తారు. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. హిస్సోపంటే ఏందని పక్కనున్న నాయనమ్మని గిల్లి అడిగితే, "ఏదో ఆకులే, గమ్మునుండు" అంది.

పీహెచ్‌డీ చేసేటప్పుడు అదే మాట మళ్లీ తగిలింది. తెలుగు బైబిల్ అనువాదకులు పుదీనాని పుదీనా అన్నారు, జీలకర్రని జీలకర్ర అన్నారు. హిస్సోపుని మాత్రం హిస్సోపుగానే వదిలేశారు. తప్పు వాళ్లది కాదు. యూరప్‌లో హిస్సోపు పేరుతో పెరిగే మొక్క పాలస్తీనా నేలలో సహజంగా పుట్టేదే కాదు. హీబ్రూలో 'ఎజోవ్' అన్నది ఇప్పుడు అరబ్బులు 'జాతర్' అనే మొక్క అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం (మన జాతరకీ దీనికీ సంబంధం లేదు). రాళ్ల సందుల్లో మొలిచే చిన్న పొద. వాసన మన వాముకి దగ్గర. పాలస్తీనా ఇళ్లలో దాని పొడిని నూనెతో రొట్టెకి అద్దుకుని తింటారు.

ఐగుప్తు నుంచి బానిసలు బయటపడిన రాత్రి రెండు రకాల ఆకులకి పని పడింది. ఒకటి ఈ హిస్సోపు. కుంచెలా కట్టి, గొర్రెపిల్ల రక్తంలో ముంచి, ద్వారబంధానికి రాయమన్నారు. రెండోది పళ్లెంలోది. కాల్చిన మాంసంతో, పులియని రొట్టెతో పాటు చేదుకూరలు తినమన్నారు. రెండూ డబ్బు పెట్టి కొనాల్సినవి కాదు. చేతికందే మొక్కలు.

హిస్సోపుకి తర్వాత ఇంకో ఉద్యోగం వచ్చింది, మైల తీసే ఉద్యోగం. లేవీయకాండం 14లో కుష్ఠు తగ్గినవాడిని శుద్ధి చేయటానికి దేవదారు కర్ర, ఎర్ర నూలు, హిస్సోపు కావాలి. సంఖ్యాకాండం 19 మా ఇంటికి ఇంకా దగ్గరగా వస్తుంది. శవాన్ని ముట్టుకున్నవాళ్లు ఏడు రోజులు మైల. ఎర్ర పెయ్యని కాల్చిన బూడిద కలిపిన నీళ్లని మూడో రోజు, ఏడో రోజు హిస్సోపుతో చల్లుతారు. బట్టలు ఉతుక్కుని స్నానం చేస్తే ఏడో రోజు సాయంత్రానికి మైల పోతుంది. ఆ నీళ్లు చల్లినవాడు కూడా బట్టలు ఉతుక్కోవాల్సిందే.

ఇదంతా గొప్పగా ఉందని నేను అనటం లేదు. అదే లేవీయకాండంలో ఆడపిల్లని కన్న తల్లికి మగపిల్లాడిని కన్న తల్లికంటే రెట్టింపు రోజుల మైల రాశారు. రోగిని పాళెం బయట ఉంచారు. కానీ ఒక్క సంగతి చూడండి. అక్కడ మైలకి తేదీ ఉంది. అది ఎవరికైనా అంటుతుంది, ఎవరికైనా పోతుంది.

మా తాత ఊరి చచ్చిన గొడ్లని మోశాడు. ఆయన గొడ్లు కాదు, ఊరివాళ్ల గొడ్లు. ఆ తోలుతో చేసిన చెప్పులు ఊరంతా తొడుక్కుంది. ఆయనకి ఏడో రోజు రాలేదు. ఆయన కొడుక్కి రాలేదు. గొడ్డుని ఏనాడూ ముట్టని మనవరాలు డాక్టరేట్ పట్టుకుని అద్దె ఇంటికి వెళ్తే, "మీరేమిట్లు?" అని అడిగి మర్నాడు ఇల్లు వేరేవాళ్లకి ఇచ్చామన్నారు. అంబేద్కర్ 1948లో 'ది అన్‌టచబుల్స్' మొదట్లోనే ఈ తేడా పట్టుకున్నారు. ప్రాచీన సమాజాల్లో మైల కొంతకాలమే ఉండేది, పోగొట్టుకునే దారి ఉండేది. ఇక్కడిది పుట్టుకతో వచ్చి తరాలకి పాకేది. దీనికి హిస్సోపు లేదు.

పదకొండో శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషి, దేవదారుని హిస్సోపుతో ఎందుకు కలిపారో చెప్తాడు. గర్వం వల్ల ఆ రోగం వస్తుందట. ఎత్తైన దేవదారులా ఉన్నవాడు హిస్సోపులా తగ్గాలట. మంచి మాటే. మన పాస్టర్లు మాత్రం దీన్ని పల్లెలో చెప్తారు. చెప్పాల్సింది దేవదారు చెట్లుండే వీధిలో.

ఈ మొక్క కథ బైబిల్‌తో ఆగలేదు. 1977లో ఇజ్రాయెల్ ప్రభుత్వం అడవి జాతర్‌ని రక్షిత మొక్కల్లో చేర్చి కోతని నిషేధించింది. తాతల నాటి నుంచి కొండల్లో ఈ ఆకు కోసుకుంటున్న పాలస్తీనా వాళ్లకి జరిమానాలు పడ్డాయి, కేసులు నడిచాయి. బానిసల గుమ్మానికి కాపలా కాసిన ఆకు కదా, మిత్రులారా!

ఇక చేదుకూర. యూదులు దాన్ని 'మారోర్' అంటారు. పస్కా రాత్రి ఇప్పటికీ తింటారు. మిష్నా అనే వాళ్ల ప్రాచీన ధర్మగ్రంథం మారోర్‌కి పనికొచ్చే అయిదు మొక్కల్ని చెప్తుంది. మొదటిది లెట్యూస్. లెట్యూస్ చేదేముంది అంటారా? తాల్మూద్ పండితులకీ ఆ అనుమానం వచ్చింది. దాని కాడ లేతగా మొదలై ముదిరితే గట్టిపడుతుంది, ఐగుప్తీయులూ మొదట మెత్తగానే ఉండి తర్వాత బిగించారు అని జవాబు చెప్పుకున్నారు. వెట్టి గురించి తెలిసినవాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. మొదట ఒక అప్పు, ఒక బస్తా గింజలు, మెత్తటి మాట. చలిదేశాలకి పోయిన యూదులకి ఆ రోజుల్లో లెట్యూస్ దొరక్క హార్స్‌రాడిష్ వేరు తురిమి తిన్నారు. ఆవపిండిలా ముక్కులోంచి మాడులోకి పోయే ఘాటు.

నన్ను పట్టుకున్నది ఒక నియమం. పులియని రొట్టెని నమలకుండా మింగినా విధి తీరినట్టే. మారోర్‌ని నమలకుండా మింగితే చెల్లదు. చేదు నాలుక్కి తగలాలి. దానికి తోడు 'హరోసెత్' అని పళ్లు, గింజలు, ద్రాక్షరసం కలిపిన తియ్యటి ముద్ద ఉంటుంది. బానిసలు తొక్కిన అడుసుకి గుర్తు. చేదుకూరని అందులో ముంచొచ్చు, కానీ దులిపేయాలి, తీపి చేదుని మింగేయకూడదని. ఇదంతా పిల్లలు అడగటంతో మొదలవుతుంది. ఈ రాత్రి చేదుకూర ఎందుకు తింటున్నామని ఇంట్లో చిన్నపిల్ల అడగాలి, పెద్దవాళ్లు చెప్పాలి. అక్కడినుంచి బయటికి వచ్చింది నేనే అన్నట్టు ప్రతి తరం అనుకోవాలి.

మనకీ ఉగాదికి వేపపువ్వు ఉంది కదా అని ఒక సహోద్యోగి అన్నారు. ఉంది. కానీ ఆ చేదు జీవితంలో సహజమట, కష్టసుఖాలు సమానమట. దానికి కారకుడు ఉండడు. మారోర్ చేదుకి ఫరో ఉన్నాడు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఎఫ్రాయిము గోత్రపు యూదులమని చెప్పుకుంటూ పస్కా ఆచరిస్తున్నాయి. వాళ్ల మీద 2013లో 'ది జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' అనే పుస్తకం కూడా వచ్చింది. వాళ్ల వంశం నిజమా కాదా అని తేల్చటం నా పని కాదు. విడుదల కథని తమ కథగా చెప్పుకోవాలని ఎందుకు అనిపించిందో మాత్రం నాకు అర్థమవుతుంది.

ఎందుకంటే మా ఇంట్లో మేం మింగేస్తున్నాం. పోయిన ఏడు మా పాప, "అమ్మా, మన చర్చి ఊరికి అంత దూరంగా కాలవ అవతల ఎందుకుంది?" అని అడిగింది. స్థలం అక్కడ దొరికిందని చెప్పాను. తెలుగు సాహిత్యంలో అస్తిత్వ ఉద్యమాల గురించి పాఠం చెప్పే మనిషిని, నా కూతురికి హరోసెత్ పూసి ఇచ్చాను. ఆ తర్వాత రెండు నెలలకి ఫస్టియర్ అమ్మాయి ఒకతి స్టాఫ్ రూమ్‌కి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. హాస్టల్ గదిలో ఒక మాట అన్నారట. అన్నవాళ్ల కంటే తనకి ఇంట్లోవాళ్ల మీద కోపంగా ఉంది. "మా ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు మేడమ్. మేమెవరమో వాళ్లు చెప్తే తెలిసింది."

ఈసారి గుడ్ ఫ్రైడే రాత్రి మా అమ్మని అడిగాను, పాపకి చెప్పమని. "పసిపిల్లకి ఇయ్యన్నీ ఎందుకే" అంది. చాలాసేపు కూర్చుంది. తర్వాత, టీ కొట్లో తాతకి విడిగా ఉండే గ్లాసు గురించి చెప్పింది. తానే కడుక్కుని, తానే తీసిన చోట పెట్టేవాడని.

"ఎక్కడ పెట్టేవాడు?" అంది పాప.

"బయట, చూరులో."

"వానొస్తే?"

అమ్మ నా వైపు చూసింది. నేను ఏమీ అనలేదు. "వానొస్తే నీళ్లు నిండేవి," అంది అమ్మ, "ఒంపుకుని తాగేవాడు."