పేరు మాత్రం చెరపకండి

మా అమ్మాయి కంప్యూటరులో రెండు ముక్కలు కొట్టి చేతులు కట్టుకుంటుంది. మిగతా ప్రోగ్రామంతా దానంతటదే తెరమీదికి వచ్చేస్తుంది. బి.ఏ. చదివిన నాకు అదంతా ఇంద్రజాలమే.

"ఎవరు రాశారే ఇదంతా?" అన్నాను.

"ఎవరూ రాయలేదమ్మా. కోపైలట్."

"దానికెవరు నేర్పారు?"

అప్పుడు చెప్పింది. లోకమంతటా ఎందరో తమ ప్రోగ్రాముల్ని అందరూ వాడుకోమని గిట్‌హబ్‌లో పెట్టారట. ఊరికే ఇచ్చారంటే షరతు లేదని కాదు. ఎంఐటీ లైసెన్సయితే ఏమైనా చేసుకోవచ్చు, పైనున్న పేరూ అనుమతీ మాత్రం చెరపకూడదు. రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో తెచ్చిన జీపీఎల్ మరికాస్త గట్టి పిండం. దాన్ని కలుపుకుని చేసిన సరుకు పంచిపెడితే, అదీ అవే షరతులమీద, సోర్సుతో సహా ఇవ్వాలి. తెలియకుండా అలాంటి ముక్క కలిసిపోతుందేమోనని వాళ్ల ఆఫీసులో బెంగ.

కోపైలట్ చాలావరకు కొత్తగానే అల్లుతుందట గానీ, ఒక్కోసారి చదివింది చదివినట్టు ఒప్పజెప్పేస్తుంది. 2021లో క్వేక్ అనే ఆటలోని పేరుమోసిన లెక్కని, అందులో రాసినవాడు విసుక్కున్న బూతుమాటతో సహా దించేసి, సంబంధంలేని లైసెన్సు తగిలించిందట. తిట్టు గుర్తుంది, పేరు గుర్తులేదు! 2022 నవంబరులో కొందరు ప్రోగ్రామర్లు శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టుకెక్కారు. 2024లో జడ్జిగారు చాలా ఆరోపణలు కొట్టేసినా, లైసెన్సు షరతు తప్పారన్నదాన్ని మాత్రం ఉంచారు.

"బొత్తిగా అన్యాయం!" అని వీరంగం వేశాను.

"నువ్వు మాత్రం ఎవర్నీ చదవకుండానే రాశావామ్మా?" అంది.

చదివి నేర్చుకోవడం వేరు, ఒప్పజెప్పడం వేరు అని గట్టిగానే అన్నాను. కానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు.

2001లో అచ్చయిన నా మొదటి కథ, వెనకింటి పిన్నిగారు మా అరుగుమీద చిక్కుడుకాయలు వలుస్తూ చెప్పిన తన బతుకు. చివరి మాట కూడా ఆవిడదే. పత్రిక చూపిస్తే కళ్లజోడు సవరించుకుని చదివి, "బాగా రాశావమ్మా. ఇందులో నేనెక్కడున్నాను?" అంది. నవ్వేశాను. రాసుకోమని చెప్పిందో, ఊరికే మనసు విప్పుకుందో, అడగనైనా లేదు.

ఆ కథ ఇప్పుడు సంపుటిలో వస్తోంది. ప్రూఫులు బల్లమీదే ఉన్నాయి. పిన్నిగారు లేరు. పొద్దున్నే వాళ్ల చిన్నమ్మాయికి ఫోన్ చేసి, కథపైన అమ్మ పేరు వెయ్యొచ్చా అని అడిగాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "పుట్టింటి ఇంటిపేరుతో వెయ్యక్కా. అమ్మకి అదే ఇష్టం" అంది.