పది రాళ్ళు

మా బాపుకి హాకీ అంటే ప్రాణం అని చెప్పగానే, ఏ టీముకి ఆడేవాడని అడుగుతారు. ఏ టీముకీ ఆడలేదు. బోధన్‌లో ఆయనకో మెకానిక్ షెడ్డు ఉండేది. చెరుకు ట్రాక్టర్లు, ట్రాలీలు బాగు చేసేవాడు. సాయంత్రం షెడ్డు మూసి, చేతులకున్న గ్రీజు కిరోసిన్‌తో కడుక్కొని, మా వాడ చివరున్న బీడులో పిల్లలకి హాకీ ఆడించేవాడు. ముప్పై ఏళ్ళు ఆడించాడు.

1975లో కౌలాలంపూర్‌లో మనవాళ్ళు పాకిస్తాన్‌ని 2-1తో ఓడించి ప్రపంచకప్ గెలిచినప్పుడు బాపుకి పన్నెండేళ్ళు. చాయ్ హోటల్ రేడియో ముందు నిలబడి విన్నాడట. గెలుపు గోల్ కొట్టిన అశోక్ కుమార్, ధ్యాన్‌చంద్ కొడుకని తర్వాతెప్పుడో తెలిసిందట. "తండ్రి పేరు మోసుడు గోల్ కొట్టుడు కన్నా కష్టం బిడ్డా. మీకు నేను ఆ తిప్పలు పెట్టలే" అని నవ్వేవాడు.

మా ఊరికి ఏడాదంటే చెరుకు సీజనే. నిజాంసాగర్ కాల్వ నీళ్ళొచ్చాక ఈ నేలల్లో చెరుకు పండింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలయ్యాక దాని చుట్టూ ఊరు పెరిగింది. ఆసియాలోనే పెద్ద ఫ్యాక్టరీ అని మా పెద్దవాళ్ళు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. క్రషింగ్ నడిచినన్నాళ్ళు బాపుకి పగలూ రాత్రీ పనే. అయినా సాయంత్రం ఆ ఒక గంట మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. పిల్లలు ఒకరినొకరు మూడు భాషల్లో తిట్టుకునేవాళ్ళు. మావాళ్ళు తెలుగులో, పక్క గల్లీవాళ్ళు ఉర్దూలో, సరిహద్దు అవతలి నుంచి చెరుకు కొట్టడానికి వచ్చిన కుటుంబాల పిల్లలు మరాఠీలో. బాపుని మాత్రం అందరూ "కాకా" అనే పిలిచేవాళ్ళు.

ఆయన గ్రౌండుకి ఫీజు ఒకటుండేది. కర్ర పట్టే ముందు ప్రతి ఒక్కరూ పది రాళ్ళు ఏరి, గీత బయట వేసి రావాలి. లేటుగా వస్తే ఇరవై. అది అసలే రాళ్ళ బీడు. గులకరాయి తగిలితే బంతి ఎగిరి మూతి పగులుతుంది. రాళ్ళు ఏరాక దుమ్ము అణగడానికి డ్రమ్ములో నీళ్ళు తెచ్చి చల్లేవాడు. విరిగిన కర్రలకి సైకిల్ ట్యూబు చుట్టేవాడు. గోల్‌కీపర్ ప్యాడ్లంటే పాత పత్తి కుక్కిన గోనె సంచులే. ఇంకో రూలు కూడా ఉండేది. ఎంత రానివాడైనా పది నిమిషాలు ఆడాల్సిందే. గెలుస్తున్నా సరే, ఓడుతున్నా సరే, బయట కూర్చున్నవాణ్ణి లోపలికి పంపేవాడు. అందుకే మేము చాలా మ్యాచులు ఓడాం.

కెనడాలో హాకీ అంటే మంచు మీద ఆడేది. అక్కడ వేన్ గ్రెట్‌స్కీ అనే మహా ఆటగాడి తండ్రి వాల్టర్, చలికాలంలో పెరట్లో నీళ్ళు చల్లి, అది గడ్డకట్టాక కొడుకుని ఆడించేవాడట. చదివినప్పుడు బాపు డ్రమ్మే కళ్ళ ముందుకొచ్చింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో హాకీ మట్టిని వదిలి ఆస్ట్రోటర్ఫ్ మీదికి ఎక్కింది. అంతకు ముందేడాదే ప్రపంచకప్ గెలిచిన మనవాళ్ళు అక్కడ ఏడో స్థానంలో నిలిచారు. టీవీలో మ్యాచ్‌కి ముందు టర్ఫ్ తడపడం చూసి బాపు, "చూసినవా, వాళ్ళు గూడ నీళ్ళు చల్లుతుండ్రు" అని మురిసిపోయాడు.

అమ్మ లెక్క వేరు. ఒక వానాకాలం ఇల్లు కురుస్తుంటే, పెంకులకి దాచిన పైసలతో బాపు పదకొండు కర్రలు కొనుక్కొచ్చాడు. అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు గిన్నెలు సర్దుతూ అంది: "ఊరి పోరగాండ్లందరికి గ్రౌండు చేసినవ్. మా నెత్తి మీదికి మాత్రం వాన తెచ్చినవ్." బాపు ఏం అనలేదు. ఆ కర్రలు వాపసు కూడా ఇవ్వలేదు. ఆ రాత్రి గిన్నెల్లో పడే వాన చినుకుల చప్పుడు నాకిప్పటికీ గుర్తే. బాపు మంచివాడే. కానీ ఆ మంచితనానికి కట్టిన రొక్కంలో సగం అమ్మది. ఆయన గురించి రాస్తూ ఇది రాయకపోతే అబద్ధమవుతుంది.

నిజామాబాద్ అమ్మాయి యెండల సౌందర్య భారత హాకీ జట్టుకి ఆడింది. నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆమెను మొదట గ్రౌండుకి తీసుకెళ్ళింది తండ్రి జమీల్ అహ్మదే. ఆ వార్త వచ్చిన రోజు బాపు గల్లీ అంతా చాక్లెట్లు పంచాడు. మా బీడు నుంచి మాత్రం ఎవరూ ఏ పెద్ద జట్టుకీ పోలేదు. అది ఆయనకి లోటుగా ఉందా అని అడిగాను. "ఆడిండ్రు గదా" అన్నాడు. అంతే.

2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. చాలా కుటుంబాలు హైదరాబాద్‌కీ, గల్ఫ్‌కీ వెళ్ళిపోయాయి. హాకీకి ఇద్దరు ముగ్గురు వస్తే గొప్ప అన్నట్టయింది. మిగిలినవాళ్ళు క్రికెట్ అన్నారు. బాపు వాళ్ళకీ నీళ్ళు చల్లాడు. పది రాళ్ళ ఫీజు మాత్రం మాఫీ చేయలేదు.

2023లో బాపు పోయాడు. అప్పటి పిల్లలు చాలామంది వచ్చారు, ఇప్పుడు వాళ్ళకే పిల్లలున్నారు. పాడె లేచాక కొంత దూరానికి ఒకడు "మార్చుండ్రి, మార్చుండ్రి" అన్నాడు. నలుగురు తప్పుకున్నారు, ఇంకో నలుగురు భుజం పట్టారు. ఇంకాస్త దూరానికి మళ్ళీ మార్చారు. తెలుగువాళ్ళు, ఉర్దూవాళ్ళు, ఎవరూ మిగలకుండా అందరి వంతూ వచ్చింది. ఆ పది నిమిషాల రూలు వాళ్ళెవరూ మర్చిపోలేదు.

ఏడాది తర్వాత దగ్గరి ఊళ్ళో బడి పీఈటీ సార్ వచ్చి, ఆ పాత కర్రలు ఇస్తారా అని అడిగాడు. నాకైతే ఇవ్వబుద్ధి కాలేదు. అమ్మే అటక మీది నుంచి దింపించి, ఒక్కొక్కటీ కొంగుతో తుడిచి ఇచ్చింది. ఆయన బండెక్కుతుంటే వెనక నుంచి పిలిచింది.

"సారూ, ఊకె ఇయ్యకుండ్రి. ఒక్కొక్కర్ని పది రాళ్ళు ఏరమనుండ్రి."