పాత అంబాసిడర్ – కొత్త ఫిల్టర్

ఎండాకాలం సెలవుల్లో మేం ముగ్గురం సూర్యాపేటలో ఉస్తాద్ షెడ్డుకు పోయేవాళ్ళం. మా నాన్నలు మిర్యాలగూడ రైసుమిల్లుల్లో హమాలీలు. నోటుపుస్తకాల ఖర్చు మేమే చూసుకోవాలి మరి!

ఓ రోజు కోదాడ నుంచి పాత పెట్రోలు అంబాసిడర్ కిరాయి కారు వచ్చింది. 2014లోనే తయారీ ఆగిపోయిన బండి. దాని ఆయిల్ ఫిల్టర్ ఇప్పటి డబ్బాలా తిప్పి బిగించేది కాదు. ఇనుప గిన్నె, లోపల కాగితం ఎలిమెంటు, అడుగున స్ప్రింగు, నడుమ పొడుగాటి బోల్టు. అన్నిటికంటే రబ్బరు రింగే ముఖ్యం. పాతది గాడిలో నల్లగా అతుక్కుపోయి కనబడనే కనబడదు. దానిమీదే కొత్తది పెడితే ఆయిలంతా కారి, హైవే మీద ఇంజను సీజైపోతుంది. ఆ బండి మీదే ఒక ఇల్లు గడుస్తోంది. సూదిమొనతో మెల్లగా లాగి తీశాం.

"బోల్టు మరీ గట్టిగా బిగించకుండ్రి బిడ్డా" అన్నాడు ఉస్తాద్.

స్టార్ట్ చేసిన కాసేపటికి ఆయిల్ లైటు ఆరింది. కింద పరిచిన పేపరు మీద చుక్క పడలేదు.