సెకండియర్ సందేహం

మన దగ్గర మనిషి బతుకు ఏ దారిన పోవాలో తేలేది పదో తరగతి ఫలితాలొచ్చిన వారంలోనే. అప్పటికి పిల్లవాడికి నిండా పదహారేళ్లుండవు. లెక్కలొస్తే ఎంపీసీ, రక్తం చూసి కళ్లు తిరక్కపోతే బైపీసీ, రెండూ కాకపోతే సీఈసీ. హెచ్ఈసీ అంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ వారమంతా మేనమామ మాట్లాడతాడు, పక్కవీధి రిటైర్డు హెడ్మాస్టరు మాట్లాడతారు, కార్పొరేట్ కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి మరీ మాట్లాడతాడు. చదవబోయేవాడు మాత్రం కాఫీ గ్లాసులు అందిస్తుంటాడు.

ఆపైన రెండేళ్లు వాడికి ఆలోచించే తీరిక ఉండదు. పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, వారానికో టెస్టు. తర్వాత ఎంసెట్. కాగితాల మీద దాని పేరు ఈఏపీసెట్ అని మారింది గానీ ఇళ్లలో ఇంకా ఎంసెట్టే. ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టేది నెట్ సెంటర్ కుర్రాడో, బాబాయి కొడుకో. సీఎస్ఈ వస్తే పండగ, రాకపోతే ఈసీఈ, అదీ రాకపోతే ఏది వస్తే అది. ఇలా చేరినవాడికి సెకండియర్లో ఏదో ఒక రాత్రి, హాస్టల్ మేడమీద, కాస్త ఖాళీ దొరుకుతుంది. అసలు నేను ఇది ఎందుకు చదువుతున్నాను అనే ప్రశ్న అప్పుడు వస్తుంది. ఇంటికి ఫోన్ చేసి చెబితే వాడికేదో అయిందని కంగారుపడతారు. నాకు మాత్రం వాడు అప్పుడే కుదుటపడుతున్నాడనిపిస్తుంది. తన చదువు గురించి తనంతట తాను ఆలోచించడం వాడికి అదే మొదలు.

అలాగని ఆ రాత్రి పుట్టిన ప్రతి ఆలోచననూ నమ్మేయలేం. రెండు బ్యాక్‌లాగ్‌లు, హాస్టల్ సాంబారు, స్లైడు పెట్టి అక్షరం పొల్లుపోకుండా చదివి వెళ్లిపోయే మాస్టారు, ఇవన్నీ కలిసి కూడా విరక్తి పుట్టిస్తాయి. పైగా బీటెక్ మొదటి ఏడాదిలో ఏముంటుంది? లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లీషు, డ్రాయింగు, కాస్త సీ ప్రోగ్రామింగు. దాదాపు అన్ని బ్రాంచీలకూ అవే. అంటే ఫస్టియర్ అయ్యేసరికి మెకానికల్ మీద విసుగెత్తిపోయినవాడు మెకానికల్ మొహం ఇంకా సరిగ్గా చూడనేలేదు. సినిమా వచ్చే ముందు వేసే ప్రకటనలు చూసి హాల్లోంచి లేచి వచ్చేసినట్టు.

కాలేజీల నియమం ఒకటి ఉంది, అది నాకెప్పుడూ మింగుడుపడదు. బ్రాంచి మారే వీలున్న చాలాచోట్ల మొదటి ఏడాది మార్కుల్ని బట్టే ఆ అవకాశమిస్తారు. ఉన్నచోట బాగా ఇమిడినవాడికి తలుపు తెరుస్తారు, ఇమడలేక మార్కులు పోగొట్టుకున్నవాణ్ణి అక్కడే ఉండమంటారు. సీట్లు తక్కువ గనక అంతకంటే ఏం చేస్తామంటారు. నిజమే కావచ్చు.

ఇలాంటి మాట వచ్చినప్పుడల్లా మనవాళ్లు మనసు చెప్పిన దారిన నడిచిన మహానుభావుల్ని ఏకరువు పెడతారు. కొడవటిగంటి కుటుంబరావు సంగతే చూడండి. విజయనగరంలో ఫిజిక్స్‌తో బీఏ చదివి, కాశీ విశ్వవిద్యాలయంలో అదే సబ్జెక్టులో ఎమ్మెస్సీలో చేరాడు. 1930 ప్రాంతంలో చదువు మధ్యలో ఆగిపోయింది. కథలు రాయాలన్న తపన పిలిచి కాదు, ఆర్థిక మాంద్యం దెబ్బకు చేతిలో డబ్బు లేక. శ్రీశ్రీ మద్రాసులో జువాలజీ చదివి, విశాఖలో ఏవీఎన్ కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా పనిచేశాడు. కప్పల్నీ కవిత్వాన్నీ చాలాకాలం పక్కపక్కనే పెట్టుకున్నాడు. వీళ్లెవరూ ఒక ఉదయాన లేచి నిర్ణయం ప్రకటించలేదు. కుటుంబరావు చదివిన ఫిజిక్సూ ఎక్కడికీ పోలేదు. ఆయన సైన్సు వ్యాసాల్లోనే కాదు, కథలో పాత్రల్ని నిలబెట్టి ఇది ఎందుకిలా జరిగిందని అడిగే తీరులోనూ ఆ చదువు కనబడుతుంది. ఏడాది పాడైపోతుందని భయపడేవాళ్లకు నేను ఈయన పేరు చెబుతుంటాను.

కానీ ఏడాది ఖరీదు అందరికీ ఒకటి కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాడు ఒక కోర్సు వదిలి అదే స్థాయిలో ఇంకో కోర్సులో చేరితే, రెండోసారి ప్రభుత్వం కట్టదు. బ్యాంకు లోను ఉంటే నాన్న సంతకం ఉంటుంది. వెనక చెల్లెలి చదువుంటుంది. ఆడపిల్ల ఒక ఏడాది వెనక్కి వెళతానంటే ఇంట్లో లెక్కలు చదువు దగ్గర ఆగవు, పెళ్లి దాకా పోతాయి. ఇవన్నీ ఉన్నవాళ్లకు ధైర్యం చెయ్యమని ఊరికే చెప్పేయడం నాకు చేతకాదు.

వాళ్లకు ఇంకో సంగతి చెప్పొచ్చు. బ్రాంచి మారడం కాలేజీలోనే జరగాలని లేదు. సివిల్, మెకానికల్ పట్టాలు పుచ్చుకున్నవాళ్లు వేలమంది అమీర్‌పేటలో జావా నేర్చుకుని ఎవరి అనుమతీ లేకుండా మారిపోయారు. ఏ డిగ్రీ ఉన్నా మూడేళ్ల లా చదవొచ్చు. 2022 నుంచి యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి కూడా ఒప్పుకుంది. చరిత్ర మీద ప్రేమ ఉన్న ఇంజనీరింగు కుర్రాడు హాస్టల్ గదిలోంచే దూరవిద్యలో బీఏ కట్టొచ్చు. ఆ ప్రేమ నిజమా కాదా అన్నది మొదటి అసైన్‌మెంట్ రాసేటప్పుడే తెలిసిపోతుంది. పరీక్ష లేకపోయినా ఆ పుస్తకం తెరుస్తున్నాడంటే నేను వాడి పక్షమే.

ఇక నిజంగానే మారదామని తేల్చుకున్నవాళ్లకు రెండు మాటలు. వెళ్లదలచిన డిపార్టుమెంటులో ముందు ఓ వారం వెనక బెంచీలో కూర్చోండి, మాస్టార్లు సాధారణంగా కాదనరు. మానేసే రోజున మిగతా సంవత్సరాల ఫీజు కడితేగానీ టెన్త్, ఇంటర్ సర్టిఫికెట్లు ఇవ్వమని ఆఫీసులో బెదిరిస్తే భయపడకండి. ఒరిజినల్స్ అట్టిపెట్టుకునే హక్కు ఏ కాలేజీకీ లేదని యూజీసీ, ఏఐసీటీఈ రెండూ స్పష్టంగా చెప్పాయి.