సంతకానికి ముందు తేదీ

హోసూరు చుట్టూ రాగి చేలు సైట్లయ్యేటప్పుడు ముందుగా మాలాంటివాళ్ళ బల్ల మీదికే వస్తాయి. నేను లేఅవుట్ ప్లాన్లు గీస్తాను. పట్టా, చిట్టా, ఈసీ, ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) స్కెచ్ పట్టుకొని రైతు వస్తాడు, వెనకాలే ప్రమోటరు వస్తాడు. పొలం కొలిచేటప్పుడు స్కెచ్‌లోని గట్లు, బండిదారి, వంకలు నేల మీద ఉన్నాయో లేవో చూడటం నా పని. దక్షిణ పినాకిని ఒడ్డు కాబట్టి కెలవరపల్లి వైపు వంకలు ఎక్కువ. ఎండాకాలంలో వాటి ఆనవాలు కూడా దొరకదు. "వదిలేయన్నా, ఎవరు చూస్తారు?" అనే మాట అక్కడే మొదలవుతుంది. వంక మాయమైతే రెండు సైట్లు పెరుగుతాయి. పెద్దవాన పడిన రోజు ఆ రెండిళ్ళలోకీ నీళ్ళొస్తాయి. 2024 జూన్‌లో హోసూరుకు విమానాశ్రయం ప్రకటించాక ఆ మాట మరీ ఎక్కువగా వింటున్నాను.

2016 సెప్టెంబరు 9న మద్రాసు హైకోర్టు అనుమతి లేని సైట్ల రిజిస్ట్రేషన్లు ఆపింది. మరుసటేడు తమిళనాడు ప్రభుత్వం క్రమబద్ధీకరణ నియమాలు తెచ్చింది. క్రమబద్ధీకరణ రుసుము, అభివృద్ధి రుసుము కట్టింది మాత్రం సైటు కొన్నవాళ్ళు. కూతురి పెళ్ళికి అక్కరకొస్తుందని కొన్నవాళ్ళు నా దగ్గరికొచ్చి ఏడ్చారు. అమ్మినవాడు అప్పటికే ఇంకో ఊళ్ళో జెండాలు పాతుతున్నాడు.

అందుకే పక్క రాష్ట్రంలోని మైసూరులో ముడా (మైసూరు పట్టణాభివృద్ధి సంస్థ) వివాదం వచ్చినప్పుడు నేను దాన్ని పార్టీల కోణంలో చూడలేకపోయాను. కేసరెలో 3 ఎకరాల 16 గుంటలకు బదులుగా ముఖ్యమంత్రి సిద్దరామయ్య భార్యకు విజయనగర లేఅవుట్‌లో 14 సైట్లు ఇచ్చారన్నది గొడవ. 2024 ఆగస్టులో బీజేపీ, జేడీఎస్ బెంగళూరు నుంచి మైసూరుకు పాదయాత్ర చేశాయి. గవర్నరు విచారణకు అనుమతిస్తే, కేంద్రం ఆయన్ను వాడుకుంటోందని కాంగ్రెస్ అంది. సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు గవర్నరు అనుమతిని సమర్థించింది, లోకాయుక్త పోలీసులు కేసు నమోదు చేశారు. అక్టోబరులో ఆమె సైట్లు తిరిగి ఇచ్చేశారు. లోకాయుక్త వద్దు, సీబీఐ కావాలన్న ఫిర్యాదుదారు పిటిషన్‌ను 2025 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. అదే నెలలో లోకాయుక్త పోలీసులు ఆ కుటుంబం మీద ఆధారాలు లేవన్నారు.

ఇన్ని నెలలూ ఎవరు విచారించాలన్న తగవే నడిచింది. నాకు కావలసింది ఫైలులోని తేదీలు. ఆ భూమిని 1998లో సేకరణ నుంచి తప్పించారు. 2004లో ముఖ్యమంత్రి బావమరిది కొన్నారు, 2005లో వ్యవసాయ భూమి నుంచి నివాస భూమిగా మార్పిడి జరిగింది, 2010లో ఆయన దాన్ని తన సోదరికి, అంటే సిద్దరామయ్య భార్యకు, దానపత్రం రాశారు. ఈ మధ్యలోనే ముడా అక్కడ లేఅవుట్ వేసిందన్నది వివాదం. సేకరణలో లేని నేల మీద రోడ్లు గీసిన ప్లాను ఎవరి బల్ల మీద తయారైంది? 2005లో తనిఖీకి వెళ్ళిన అధికారికి అక్కడ కనిపించింది చేనా, రోడ్లా? నేను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. టీవీ చర్చల్లో ఒక్క పార్టీ మనిషి నోటా నేనిది వినలేదు.

అమరావతి ఇన్నర్ రింగ్ రోడ్డు సంగతీ అంతే. 2022లో వైఎస్సార్సీపీ ప్రభుత్వంలో రోడ్డు గీతను జరిపారంటూ సీఐడీ చంద్రబాబు మీద కేసు పెట్టింది, 2024లో ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. గీత మొదట ఎటు ఉంది, ఏ తేదీన జరిగింది, జరపమని రాసిన నోట్ ఏది? డ్రాయింగులన్నీ వరసగా పరిచి ఒక గీతకారుణ్ణి కూర్చోబెడితే ఈ మూడూ తేలతాయి. అధికారం మారినప్పుడల్లా విచారణ దిక్కు మారితే ఆ డ్రాయింగులు పరిచేదెవరు?

మా దగ్గర నేనడిగేది చిన్నది. పది వేల చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌లో రోడ్లు పోను 10 శాతం నేలను స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాయాలి. ఆ డీడ్ నంబరు చూపించందే అడ్వాన్సు ఇవ్వొద్దని వచ్చినవాళ్ళకల్లా చెబుతున్నాను. అధికారులు సంతకం పెట్టకముందే ప్లానును ఎఫ్ఎంబీ మీద పెట్టి ఊరి పంచాయతీ గోడకు అంటించాలి. ఏ వంక ఎక్కడ పారేదో అక్కడ పశువులు కాసిన ముసలివాళ్ళకు తెలుసు. వాళ్ళను పిలిచి అడగాలి.